భుజం మీద సైకిలు

నరసరావుపేట,
8 జూన్ 1946

ప్రియమైన అన్నయ్యకు,

దయామణి వందనాలు. ప్రభువు దయవల్ల అమ్మా నేనూ బాగానే ఉన్నాము. అమ్మ మిషను హాస్టల్లో అరవై మంది ఆడపిల్లలకు వండిపెట్టి, వాళ్ళను తిట్టి, అలసట తీరక ఇంటికొచ్చి నన్ను తిడుతోంది. బళ్ళో నాకు ఈ ఏడు కూడా ఐదో తరగతే ఇచ్చారు.

నిరుడు చలికాలం ముందు నువ్వు ఇటలీ నుంచి ఒక ఉత్తరం రాశావు చూడు, వానలో, దున్నిన పొలాలకు అడ్డంపడి సైకిళ్ళ పందెం జరిగిందనీ, తొక్కలేని చోట సైకిలును భుజాన వేసుకుని పరిగెత్తారనీ. దాన్ని నేను బళ్ళో పిల్లలకు చదివి వినిపించాను. వాళ్ళు ఇళ్ళకు వెళ్ళి చెప్పారు. అలా అలా అది నకరికల్లు హనుమంతరావు గారి చెవిన పడింది. ఆయన కూడా పటాలంలో హవల్దారుగా చేసి ఈ మధ్యనే తిరిగొచ్చిన ఆసామి. వ్యవసాయంలో మనసు నిలవడం లేదట. మొన్న మన ఇంటికే వచ్చి, ఆ ఉత్తరం అడిగి తీసుకుని, నిలబడే రెండుసార్లు చదువుకున్నారు.

"అమ్మాయ్, ఇది మన పల్నాట్లో పెట్టాల్సిన పందెం. బురదంటే ఏందో మన రేగడి చూపిస్తది" అన్నారు.

అన్నట్టే పటాలం నుంచి వచ్చినవాళ్ళు కొందరు కలిసి పందెం ఖాయం చేశారు. అక్టోబరు 26, శనివారం. పేట నుంచి పొలాల మీదుగా, వాగు దాటి ఎల్లమంద, అక్కడి నుంచి కోటప్పకొండ అడుగున రాళ్ళబాట చుట్టి, మళ్ళీ వాగు దాటి పేటకు. మొత్తం పదహారు మైళ్ళు. నిన్ను పటాలం నుంచి సెప్టెంబరుకల్లా వదిలిపెడతారని రాశావు గనుక, జాబితాలో మొదటి పేరు నీదే రాయించాను. నీ పాత సైకిలు తుప్పుపట్టి ఏనాడో పోయింది. స్టేషను రోడ్డులో సైకిలు షాపు పెట్టిన మౌలాలీ మంచి పనివాడు. ఏ సైకిలు చూడాలో రాస్తే నువ్వు వచ్చేలోగా నేను చూసి పెడతాను. తొక్కి చూడటానికి నేనున్నాను గదా, నువ్వు నేర్పిన విద్యే.

నీ చెల్లెలు,
దయామణి

జబల్పూరు,
17 జూన్ 1946

చెల్లాయి దయామణికి అన్నయ్య జయరాజు ఆశీస్సులు.

నన్ను అడక్కుండా నా పేరు రాయించావు. కోప్పడదామని కాగితం తీసుకున్నాను గాని కోపం రాలేదు. మొదటి పేరు అన్నావు చూడు, అక్కడే ఆగి రెండుసార్లు చదివాను. సెప్టెంబరులో వదులుతారో లేదో ఇప్పుడే చెప్పలేను. ఇక్కడ అన్నీ దొరల ఇష్టం. పేరు మాత్రం ఉండనీ.

సైకిలు సంగతి రాస్తాను, శ్రద్ధగా చదువు. రంగు చూడకు, పేరు చూడకు. మడ్డుగార్డులు, చైను డబ్బా, స్టాండు, క్యారియరు అన్నీ విప్పేస్తే మిగిలేది ఏదో అదే సైకిలు. టైరుకూ ఫోర్కుకూ మధ్య రెండు వేళ్ళు దూరాలి. దూరకపోతే బురద అక్కడ కూరుకుని చక్రాన్ని పట్టేస్తుంది. తరువాత దాన్ని కుడి భుజానికి ఎత్తుకుని వంద అడుగులు నడువు. మోయలేని సైకిలు ఆ పందేనికి పనికిరాదు.

నేను చూసిన పందెంలో గెలిచినవాడు కుర్రవాడు కాడు. నలభై దాటిన మనిషి. చెంపలు నెరిసినాయి. నిట్టనిలువు బురద గట్టు మీదికి సైకిలు భుజాన వేసుకుని, తొందర లేకుండా, మన పాలేళ్ళు మోపు ఎత్తుకుని నడిచినట్టు ఎక్కాడు. మిగతావాళ్ళు జారిపడుతుంటే అతను ఒక్క అడుగు తప్పు వెయ్యలేదు. అంత అందంగా ఒక మనిషి పని చెయ్యడం నేను మళ్ళీ చూడలేదు.

అమ్మకు నా ముద్దులు.

నీ అన్న,
జయరాజు

నరసరావుపేట,
9 జూలై 1946

అన్నయ్యా,

వానలు పడ్డాయి, పరీక్షలు మొదలుపెట్టాను. బళ్ళో పిల్లలకు కాదు, సైకిళ్ళకు.

మొదటిది మిషను ఆసుపత్రి కాంపౌండరు గారి కొత్త సైకిలు. నల్లగా మెరిసిపోతూ ఉంటుంది. మౌలాలీ దాన్ని చూసి, "రోడ్డు మీద ఇది రాజు తల్లీ. పొలంలో దున్నపోతు" అన్నాడు. వినకుండా తీసుకెళ్ళాను. చెరుకుపల్లెవారి చేలో నలభై గజాలు పోయిందో లేదో చక్రం తిరగడం మానేసింది. మడ్డుగార్డు కింద రేగడి ఇటుకలా బిగుసుకుపోయింది. ఎత్తబోతే లేవలేదు. నేనూ మౌలాలీ కలిసి మోసుకొచ్చి, బావి దగ్గర ఒక పూటంతా కడిగి ఇచ్చాము.

రెండోది గుంటూరు కాలేజీలో చదివే ఒకాయన పందేల సైకిలు. బరువు లేదు, చేత్తో ఎత్తవచ్చు. కానీ టైర్లు నా చిటికెన వేలంత. నేలలో కత్తిలా దిగిపోయింది. నేను మాత్రం హ్యాండిలు మీదుగా ముందుకు వెళ్ళి మొక్కజొన్నలో పడ్డాను. దెబ్బలేమీ లేవు, అమ్మ తిట్లే.

ఒక సంగతి కనిపెట్టాను. నువ్వు ఇటలీ బురద చూశావు గాని రేగడిని మరిచిపోయినట్టున్నావు. వాన కురుస్తుండగా అది జారుతుంది, అంతగా అంటదు. ఒక పూట ఆరిన తరువాతే జిగురు. అప్పుడు ఏ సైకిలైనా ఆగిపోతుంది, ఫోర్కులో రెండు వేళ్ళు కాదు, నాలుగు దూరినా సరే. కాబట్టి రేగడి చేను రాగానే, చక్రానికి మట్టి అంటకముందే దిగి ఎత్తుకోవాలి. అంటిన తరువాత ఎత్తితే బరువు రెండింతలు. గట్టు మీద గడ్డి ఉన్నచోట పరిగెత్తాలి. నేను అలా పరిగెత్తి చూశాను. నాతోపాటు బర్రెలు కూడా పరిగెత్తాయి.

నువ్వు వచ్చే తేదీ రాయి.

నీ దయామణి

జబల్పూరు,
14 ఆగస్టు 1946

అమ్మాయ్ దయామణీ,

తపాలా సమ్మె ముగిసి, నీ జూలై ఉత్తరం నిన్న చేతికొచ్చింది. నెల రోజులుగా ఉత్తరం లేక నీకు ఏదో అయిందని భయపడ్డాను. చదివితే అయింది మొక్కజొన్న చేనుకని తెలిసింది.

నువ్వు రేగడి గురించి రాసింది మా వర్కుషాపులో అందరికీ చదివి చెప్పాను. పంజాబీ మిస్త్రీ ఒకతను నువ్వు ఇంజనీరువా అని అడిగాడు. ఐదో తరగతి పంతులమ్మ అన్నాను. అతను తల ఊపి, ఇద్దరూ ఒకటే అన్నాడు. అంటకముందే ఎత్తుకోవాలన్న ముక్క నాకు తట్టనే లేదు. నువ్వు చెప్పిందే సరి, నేను చెప్పింది తప్పు.

మౌలాలీతో ఒకటి చెప్పు. వెనక పళ్ళచక్రానికి పద్దెనిమిది పళ్ళుంటే తీసేసి ఇరవై రెండు పళ్ళది వెయ్యమను. వేగం తగ్గుతుంది గాని బురదలో కాలికి తేలిక. టైర్లలో గాలి కొంచెం తక్కువ ఉండాలి, బొటనవేలితో నొక్కితే అణగాలి.

వచ్చే తేదీ సంగతి. ఇక్కడి కార్ఖానాలో కూర్చుని చేసే పని ఒకటి ఉందట, ఉండిపోతావా అని అడుగుతున్నారు. ఆలోచిస్తున్నాను. అమ్మతో ఇప్పుడే అనకు.

జయరాజు

నరసరావుపేట,
24 ఆగస్టు 1946

అన్నయ్యకు దయామణి రాయునది.

సైకిలు దొరికింది. పటాలంవాళ్ళు అక్కర్లేని సామాను గుంటూరులో అమ్మితే మౌలాలీ వెళ్ళి తెచ్చాడు. పచ్చరంగు సగం ఊడిపోయింది, సీటు చిరిగింది, గంట లేదు. చూడగానే నాకు ఏడుపొచ్చింది. మౌలాలీ నా చెయ్యి పట్టి ఫోర్కు దగ్గర పెట్టాడు. మూడు వేళ్ళు దూరాయి. తరువాత అనవసరమైనవన్నీ విప్పేసి, గొట్టాలు తట్టి చూసి, చక్రాల పుల్లలు ఒక్కొక్కటీ బిగించి, చక్రం తిప్పి వదిలాడు. నేను ఐదో ఎక్కం మొదలుపెట్టి పదమూడో ఎక్కం ముగించేదాకా అది తిరుగుతూనే ఉంది. ఆ మనిషి చేతుల్లో ఏముందో గాని, సైకిలు ఆయనతో మాట్లాడుతుంది. ఇరవై రెండు పళ్ళ చక్రం కూడా వేశాడు.

ఆయన భార్య మెహరున్నీసా పాత బొంత ముక్క మడిచి, భుజానికి ఒత్తుకునే గొట్టం కింద కుట్టి పెట్టింది. అమ్మ వచ్చి చూసి, బండి ఇరుసుకు రాసినట్టు ఆముదం రాస్తే మట్టి తొందరగా అంటదని చెప్పింది. రాసి చూశాము, నిజమే. పందెం పూర్తయ్యేదాకా సైకిలు మన దగ్గరే ఉంచుకోమన్నాడు మౌలాలీ.

ఇంకొక మాట. నువ్వు అనవద్దన్నా కార్ఖానా సంగతి అమ్మతో అనక తప్పలేదు. నువ్వు ఇంటికి రావడానికి ఎందుకు వెనకాడుతున్నావో ఆమెకు అర్థమైపోయింది. ఎలా తెలిసిందని అడక్కు, తల్లి గదా. మొదటి రోజు ఏడ్చింది. రెండో రోజు లేచి, "అయిందేదో అయింది. వాడు సిగ్గుపడి ఆడనే ఉండిపోతే నాకేం లాభం. ఉన్నది ఉన్నట్టు ఇంటికి రమ్మని రాయి" అంది. నాది కూడా అదే మాట. మేమేమీ అనుకోము.

నీ చెల్లెలు

జబల్పూరు,
30 ఆగస్టు 1946

నా చెల్లెలికీ, అమ్మకూ,

నీ ఉత్తరం చదివి బల్ల మీద తల ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయాను. మీకు ఎవరు చెప్పారో నేను అడగను. తెలిసినందుకు నాకు గుండెల మీది బండ దిగినట్టుంది. అవును, నిజమే. ఇటలీలోనే జరిగింది. ఏడాది పైగా మీ దగ్గర దాచాను, క్షమించండి. ఇక జీవితాంతం నాతోనే. మొదట్లో దాన్ని చూస్తే నాకే అసహ్యం వేసేది, ఇప్పుడు అలవాటైంది. పొద్దున లేవగానే మొరాయిస్తుంది, ఎండెక్కిన తరువాత కాస్త మాట వింటుంది. మీరిద్దరూ చూసి మొహం చిట్లించుకోకపోతే అంతే చాలు.

ఇక పందెం సంగతి వేరే చెప్పనక్కర్లేదు గదా. కాబట్టి దయామణీ, రేపటినుంచే మొదలుపెట్టు. పొద్దున బడికి ముందు మూడు మైళ్ళు తొక్కు. ఆ తరువాత సైకిలు ఎత్తుకుని గట్టు వెంట పరిగెత్తు, ముందు వంద గజాలు, వారానికి వంద చొప్పున పెంచు. సైకిలు నడుస్తుండగానే కుడికాలు వెనక్కి తిప్పి దిగడం, పరిగెత్తుతూనే ఎక్కడం రావాలి. మొదట పడతావు. పడినా పందెంనాటికి అదంతా అలవాటు కావాలి.

మౌలాలీకి నా సలాములు చెప్పు. అమ్మ చెప్పిన ఆముదం సంగతి విని ఇక్కడి మిస్త్రీలు నోరు తెరిచారు.

జయరాజు

నరసరావుపేట,
10 సెప్టెంబరు 1946

అన్నయ్యకు వందనాలు.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. ఇటలీ అనగానే పొయ్యి దగ్గర కూలబడింది. జబల్పూరులో ఏ హిందీ పిల్లనో చేసుకున్నావని మేము అనుకున్నాము గాని, దొరసాని అని మా ఊహకు కూడా రాలేదు. అమ్మ లేచి పొయ్యి ఎగదోసి, "పొద్దున మొరాయిస్తదంట. చలిదేశపు పిల్ల గదా, పడుకోనీ. నేను లేపనులే" అంది. అంతటితో ఆమెకు నిదానం వచ్చింది. తన పెళ్ళినాటి పట్టుచీర పెట్టెలోంచి తీసి ఎండలో వేసింది. పాదిరిగారి భార్య దగ్గరికి వెళ్ళి కారం లేని కూర ఎలా వండాలో అడిగి వచ్చింది. నువ్వు మాత్రం భార్యను చూస్తే అసహ్యం వేసేదని రాయడం నాకు బాగాలేదు. ఆమె ఎలా ఉన్నా మాకు వదిన. పేరు రాయి. తెలుగు ఒక్క ముక్కయినా నేర్పావా?

నువ్వు వచ్చేలోగా సైకిలు పందేనికి అలవాటు పడాలని కాబోలు, నువ్వు చెప్పినట్టే రోజూ తొక్కుతున్నాను. మొదటి మూడు రోజుల్లో పదకొండు సార్లు పడ్డాను. ఇప్పుడు నడుస్తున్న సైకిలు మీద నుంచి దిగి, అడుగు ఆగకుండా భుజానికి వేసుకుంటున్నాను. అప్పుడే రెండు వందల గజాలు పరిగెత్తగలుగుతున్నాను. పొలాల్లో కలుపు తీసే అమ్మలక్కలు మొదట నవ్వారు. ఇప్పుడు నేను రాగానే గట్టు మీది గంపలు తీసి దారి ఇస్తున్నారు. నిజం చెప్పనా, నువ్వు వచ్చి ఈ సైకిలు తీసేసుకుంటావంటే కొంచెం బాధగానే ఉంది.

వదినకు మా ముద్దులు. ఎన్నో తేదీ రైలు?

దయామణి

జబల్పూరు,
16 సెప్టెంబరు 1946

దయామణీ,

నవ్వాను. పక్కవాళ్ళు కంగారుపడి వచ్చేదాకా నవ్వాను. ఆ తరువాత అమ్మ చీర ఎండలో వేసిందన్న మాట మళ్ళీ చదివాను, ఇక నవ్వు రాలేదు.

దొరసాని లేదమ్మా. పెళ్ళీ లేదు. నేను రాసింది నా ఎడమ మోకాలు గురించి. మీకు తెలిసిందని రాస్తే, అదే తెలిసిందనుకున్నాను.

నిరుడు మే నెలలో, యుద్ధం అయిపోయిన పది రోజులకు, లారీ కింద పడుకుని పని చేస్తుంటే జాకీ జారింది. కాలు తీసెయ్యలేదు, దేవుని దయ. కానీ మోకాలు కర్రలా అయిపోయింది, ఇక వంగదు. చేతికర్ర లేకుండా వంద అడుగులు వెయ్యలేను. ఆ సైకిలు పందెం కూడా నేను ఆసుపత్రి వరండాలో కుర్చీలో కూర్చుని చూసిందే. అందుకే అంత బాగా కనబడింది. ఆ నెరిసిన మనిషి గట్టు ఎక్కుతుంటే నా కాలు దానంతట అది కదలబోయింది. కదల్లేదు.

ఆ రోజే మీకు ఉత్తరం రాశాను. పందెం సంగతంతా రాశాను, కుర్చీ సంగతి రాయలేదు.

నువ్వు జాబితాలో నా పేరు రాయించావని చదివినప్పుడు, తీసెయ్యమని రాయడానికి చెయ్యి రాలేదు. ఎక్కడో ఒక కాగితం మీద నేను ఇంకా పరిగెత్తగల మనిషిని. అది కొన్నాళ్ళు ఉండనిద్దామనుకున్నాను. నా పిరికితనం అంతే. పేటలో దిగి కుంటుకుంటూ బజారులో నడవలేకనే ఈ కార్ఖానా పని పట్టుకుందామనుకున్నాను.

పందేనికి నిన్ను తయారుచేస్తున్నాననే నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. నీకు చెప్పకుండా చేశానని ఇప్పుడే తెలిసింది. ఆ సైకిలు నేను తీసుకోను, అది నీది. తొక్కుతావో మానుతావో నీ ఇష్టం. తొక్కితే మాత్రం, నాకు తెలిసినవాళ్ళలో అంతకు తగిన మనిషివి నువ్వే.

అమ్మకు ఎలా చెప్పాలో నువ్వే చూడు.

జయరాజు

నరసరావుపేట,
24 సెప్టెంబరు 1946

అన్నయ్యా,

నా మీద నీకు కోపం వచ్చినా సరే, ముందు నా కోపం రాస్తాను. మమ్మల్ని చూసి సిగ్గుపడ్డావా? అమ్మను చూసి? నాన్న పోయిన ఏడు ఆమె మన ఇద్దరినీ చెరొక చంకన వేసుకుని హాస్టలు గుమ్మం ముందు నిలబడి పని అడిగింది. ఆమెకు కుంటితనం అంటే భయమనుకున్నావా? ఏడాదిన్నర నువ్వు ఒక్కడివే పడ్డావు. అది తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతోంది.

ఉత్తరం చదివితే అమ్మ చీర మడిచి పెట్టెలో పెట్టింది. హాస్టలుకు వెళ్ళి ఆ పూట పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. అరవై మంది పిల్లలూ నోరెత్తకుండా తిన్నారట. తిరిగొచ్చి, "మడిసి బతికొచ్చాడు. మోకాలు నాకెందుకు" అంది. అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ మర్నాడు నేను హనుమంతరావు గారి దగ్గరికి వెళ్ళి నీ సంగతి చెప్పాను. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకుని విన్నారు. నీ బదులు నేను తొక్కుతానన్నాను. అక్కడున్న ఒక పెద్దమనిషి ఆడవాళ్ళకు ఇది తగదనీ, దారిలో పడితే మాట వస్తుందనీ అభ్యంతరం చెప్పాడు. హనుమంతరావు గారు వాదించలేదు. సైకిలు ఎత్తుకుని బావి దాకా వెళ్ళి రమ్మని నాకు సైగ చేశారు. వెళ్ళి వచ్చాను. అదే సైకిలు ఆ పెద్దమనిషికి ఇచ్చి వెళ్ళి రమ్మన్నారు. ఆయన సగంలో దించాడు.

"ఇంటిపేరు అదే ఉంది. పేరొక్కటి మార్చండి" అని రాసేవాడితో చెప్పారు.

మా హెడ్మిస్ట్రెసమ్మ కూడా ఒప్పుకుంది. శనివారం గనుక ఆరాధనకు అడ్డం లేదంది.

తొక్కుతాను అన్నయ్యా. నీ కోసం కాదు. నాకే తొక్కాలని ఉంది. ఇన్నాళ్ళూ నీ కోసం అనుకుంటూ దాచుకున్నాను.

నీ దయామణి

జబల్పూరు,
2 అక్టోబరు 1946

చెల్లాయీ,

నీ కోపం నాలుగుసార్లు చదివాను. ఒంటికి మంచిది.

నీకు నేర్పడానికి నా దగ్గర ఇక ఏమీ లేదు. ఒక్కటే చెబుతాను. మొదటి మైలు రోడ్డు మీద అందరూ నిన్ను దాటిపోతారు. పోనీ. నీ పందెం రేగడి దగ్గర మొదలవుతుంది.

అన్న

నరసరావుపేట,
28 అక్టోబరు 1946

అన్నయ్యా,

మోచేతికి కట్టు ఉంది గనుక అక్షరాలు వంకరగా ఉంటాయి. భయపడకు, తోలు గీసుకుంది అంతే.

రెండు రోజులు వాన కురిసి శుక్రవారం సాయంత్రం ఆగింది. నేను కోరుకున్నదానికి సరిగ్గా ఎదురు. శనివారానికి రేగడి జిగురెక్కి కూర్చుంది. పద్నాలుగు మందిమి. నాట్లు వేసే ఆడవాళ్ళలా చీర గోచి పోసి కట్టుకుని, పైన నీ పాత ఖాకీ చొక్కా తొడుక్కున్నాను. మౌలాలీ చివరిసారి చక్రాలు తిప్పి చూసి పక్కకు తప్పుకున్నాడు.

నువ్వన్నట్టే రోడ్డు మీద అందరూ దాటిపోయారు. నేను పద్నాలుగోదాన్ని. రెడ్డిపాలెం చేల దగ్గర రోడ్డు దిగగానే ముందున్నవాళ్ళంతా ఊపుతో రేగడిలోకి తొక్కారు. ఒకరి తరువాత ఒకరు ఆగిపోయారు. చక్రాలు మట్టి దిండ్లలా అయిపోయాయి. హనుమంతరావు గారు కూడా అక్కడే ఇరుక్కుని వేళ్ళతో మట్టి పెళ్ళగిస్తున్నారు. నేను చేను అంచునే దిగి, సైకిలు భుజాన వేసుకుని, గడ్డిగట్టు పట్టి పరిగెత్తాను. ఎనిమిది మందిని దాటాను. కలుపుతీసే అమ్మలక్కలు అవతలి గట్టు మీద నిలబడి ఉన్నారు. ఎవరూ అరవలేదు, చెయ్యెత్తి దారి చూపించారు, ఎక్కడ నేల గట్టిగా ఉందో.

వాగులో నీళ్ళు నడుముదాకా ఉన్నాయి. నా ముందు ఒకతను జారి పడ్డాడు, అతని సైకిలు నీళ్ళలో కొట్టుకుపోబోయింది. నా ఎడమ చెయ్యి ఖాళీగా ఉంది, దాని సీటు పట్టుకున్నాను. అతను లేచి వచ్చి అందుకునేదాకా నిలబడ్డాను. ఈలోగా ఇద్దరు నన్ను దాటిపోయారు. అతను దణ్ణం పెట్టాడు, నేను ముందు నడవమన్నాను.

కొండ అడుగు రాళ్ళబాటలో మన సైకిలు ఎంత బాగా నడిచిందని చెప్పను. గుద్దుకుంది, ఎగిరింది, ఒక్క పుల్ల వదులు కాలేదు. దిగుడులో నేనే తొందరపడి పడ్డాను, మోచెయ్యి అప్పుడే. చైను ఊడితే ఎక్కించుకుని వచ్చాను. అక్కడ నలుగురిని దాటాను.

తిరిగి వచ్చేటప్పుడు వాగు దగ్గర నా పని అయిపోయింది. నీళ్ళు దాటి ఇవతలికి వచ్చి సైకిలు దించాను. కూర్చుందామని వంగాను. అమ్మ అక్కడ ఉంది. హాస్టలు వంట వేరేవాళ్ళకు అప్పగించి రెండు మైళ్ళు నడిచి వచ్చి, మోకాలిలోతు బురదలో నిలబడి ఉంది. నన్ను పట్టుకోలేదు. దగ్గరికి కూడా రాలేదు.

"కూచోమాక. కూచుంటే లేవలేవు" అంది. ఆ తరువాత నెమ్మదిగా, "మీ అన్న ఆ కాలేసుకుని రోజూ పొద్దున్నే లేస్తన్నాడు" అంది.

ఎత్తుకున్నాను అన్నయ్యా. ఎలా ఎత్తుకున్నానో తెలియదు.

పద్నాలుగు మందిలో తొమ్మిది మందిమే పేట చేరాము. నేను నాలుగోదాన్ని. మొదట వచ్చింది ఊరూరా సైకిలు మీద ఉప్పు బస్తాలు వేసుకుని అమ్మే జక్కయ్య. ఆ మనిషి బురదలో నడిచే తీరు చూసి ఉంటే నీ ఇటలీ మనిషిని మరిచిపోయేవాడివి. హనుమంతరావు గారు చివర్న, సైకిలు నెట్టుకుంటూ, ఒళ్ళంతా నల్లగా వచ్చారు. తిన్నగా నా దగ్గరికి వచ్చి, మడమలు కలిపి, పటాలంలో పై అధికారికి చేసినట్టు సెల్యూట్ చేశారు. జనం అంతా చూస్తున్నారు. నాకు ఏం చెయ్యాలో తెలియక, బళ్ళో పిల్లలకు చెప్పినట్టు కూర్చోమన్నాను.

మౌలాలీ ఒక మాట రాయమన్నాడు. షాపుకు పని ఎక్కువైందట. చక్రాలు సరిచెయ్యడం, బేరింగులు వెయ్యడం కూర్చుని చేసే పని. పటాలంలో లారీలు విప్పిన చెయ్యి దొరికితే సగం షాపు అప్పగిస్తానన్నాడు. జాలి పడి అన్నాడనుకోకు. వానలో సైకిళ్ళు పాడైనవాళ్ళు షాపు ముందు వరసకట్టి ఉన్నారు, ఆయనకు తిండికి తీరిక లేదు.

ఇక నేను అడగను. నీ ఇష్టం.

దయామణి

జబల్పూరు,
4 నవంబరు 1946

దయామణీ,

నీ ఉత్తరం మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చింది. వర్కుషాపులో బల్ల ఎక్కించి కూర్చోబెట్టి చదవమన్నారు. చదువుతూ హిందీలోకి మార్చి చెప్పాను. వాగు దగ్గర నువ్వు పరాయివాడి సైకిలు పట్టుకుని ఆగిన చోట పంజాబీ మిస్త్రీ అయ్యో అన్నాడు. అమ్మ మాట దగ్గరికి వచ్చేసరికి కాగితం ఒళ్ళో పెట్టేశాను. చెయ్యి ఒకటి లేనివాళ్ళు ఇద్దరు, నాలాంటి కాలివాళ్ళు ముగ్గురు ఉన్నారు మాలో. ఎవరూ తొందరపెట్టలేదు. కాసేపటికి నేనే చదివాను.

నేను సైన్యంలో ఐదేళ్ళున్నాను. పతకాలు తీసుకున్నవాళ్ళను దగ్గరగా చూశాను. నా చెల్లెలు నాలుగోదిగా వచ్చిందని చెప్పుకోవడంలో ఉన్న గర్వం నాకు ఇంకెందులోనూ కలగలేదు.

కార్ఖానావాళ్ళకు రాననీ, ఇంటికి పోతాననీ చెప్పేశాను. డిశ్చార్జి కాగితం చేతికి వచ్చింది. పంతొమ్మిదో తేదీ మంగళవారం పొద్దున బండికి పేటలో దిగుతాను. మౌలాలీకి చెప్పు, బుధవారం నుంచి పనిలోకి వస్తానని.

స్టేషనుకు గుర్రబ్బండి మాట్లాడవద్దు. నువ్వు సైకిలు తీసుకురా. నా సామాను దాని మీద కట్టు. నేను హ్యాండిలు పట్టుకుని స్టేషను రోడ్డు మీదుగా, బజారు మధ్యగా, ఇంటిదాకా నడుస్తాను. మెల్లగానే నడుస్తాను, నాలుగైదు చోట్ల ఆగుతాను. ఎవరైనా పలకరిస్తే నిలబడి మాట్లాడతాను.

కాలు చూస్తే తట్టుకోలేదేమో అని అమ్మను ఇంట్లో ఉంచకు. రానివ్వు. నేను రైలు దిగి వేసే మొదటి అడుగు ఆమే చూడాలి.

నీ అన్న,
జయరాజు